పద్నాలుగు పాయింట్ ఆరు

"జ్వరం లేదు కదండీ, రెండు మాత్రలిచ్చి పంపెయ్యండి" అన్నాడు తత్సుమి, క్లినిక్‌లో కూర్చుంటూనే.

పొద్దున ఒళ్ళంతా వణికింది. తాగిన నీళ్ళు కూడా నిలవలేదు. అయినా రేపు కనజావా వీధుల్లో దేవుడి పల్లకీకి భుజం పట్టాలి. పోయిన నాన్న నిలబడిన చోటు ఈ ఏడే అతనికి దక్కింది.

రక్తం తీసే చిగుసా థర్మామీటర్ చూసింది. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. తర్వాత అతని మొహం చూసింది.

"మాత్ర వేసుకుని వచ్చారా?"

"జ్వరంతో వస్తే ఇక్కడ కూర్చున్నవాళ్ళకి ఇబ్బంది కదా..."

"భలే మర్యాద! థర్మామీటర్‌కి అబద్ధం నేర్పి మరీ తెచ్చారన్నమాట. చెయ్యి చాపండి."

ఎంత పొగరు అనుకున్నాడు. మాస్కు పైనున్న ఆ కళ్ళని చూస్తూ, సూది ఎప్పుడు గుచ్చిందో గమనించనేలేదు.

పావుగంటలో చీటీ తెచ్చింది. "సీఆర్‌పీ పద్నాలుగు పాయింట్ ఆరు. ఒంట్లో వాపో, ఇన్‌ఫెక్షనో ఉంటే పెరిగే అంకె ఇది. పాయింట్ మూడు లోపే ఉండాలి."

"పోయినేడు జలుబుకే నాలుగొచ్చింది. రెండ్రోజుల్లో తగ్గిపోయింది!"

"అంకె ఒక్కటే అయితే నేనూ కంగారుపడను నాయనా" అంటూ ముసలి డాక్టరమ్మ అతని వీపు కుడి పక్క మెల్లగా తట్టింది. తత్సుమి ఎగిరిపడ్డాడు. "ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకినట్టుంది. వణుకు, వాంతులు, ఈ నాడి వేగం, పైన ఈ అంకె. అన్నీ కలిశాక ఇంట్లో మాత్రలతో ఉండకూడదు. పెద్దాసుపత్రికి, ఇప్పుడే."

"మరి రేపు పల్లకీ?"

చిగుసా గొంతు మెత్తబడింది. "పల్లకీ వచ్చే ఏడూ వస్తుంది. మీరు రావద్దూ?"

ఆమె అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేసేసింది.

ఇంకొక్క రోజు ఆగితే ప్రాణం మీదికి వచ్చేదని ఆసుపత్రిలో చెప్పారు. సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ అతను తలుచుకున్నది ఆ చురుకైన కళ్ళనే. అబద్ధాన్ని ఒక్క చూపులో పట్టేసిన మనిషంటే అతనికి ఎంతో గౌరవం కలిగింది.

మూడు వారాలకి మళ్ళీ పరీక్ష. "పాయింట్ రెండు!" చిగుసా కళ్ళు నవ్వాయి. "ఇక మీరు రానక్కర్లేదు."

తత్సుమి కదల్లేదు.

"ఇంకేమైనా దాస్తున్నారా?"

"ఒకటుంది. చెబితే మీకు ఇబ్బందేమో." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే నాకిష్టం. ఆదివారం నాతో నూడుల్స్ తినడానికి వస్తారా?"

చిగుసా చీటీ మడిచి అతని చేతిలో పెట్టింది.

"ఆ ఇబ్బందేదో పెట్టండి, తత్సుమిగారూ. ఈసారి మాత్ర వేసుకోకుండా రండి."