ముందు బల్ల దగ్గరి మనిషి

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కూతురు తల ఎత్తలేదు. కంప్యూటర్ తెరమీద రెండు బూడిదరంగు మీటలు పెట్టుకుని పొద్దున్నుంచీ వాటినే చూస్తోంది.

"ఈ రెండింటిలో ఏది బాగుందమ్మా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి," అంది తల్లి పరుగున వచ్చి పొయ్యి కట్టేస్తూ. "సరిగ్గా కనబడట్లేదు కూడా."

"నువ్వు కళ్ళజోడు మార్చుకోవాలి."

ఆ మాట వినీ వినీ తల్లికి విసుగెత్తిపోయింది. తెరమీద కనిపించే మీటలు, గళ్ళు, రంగులు, అక్షరాలు అన్నీ ఒక పొందికలో తయారుచేసి కూతురు నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా తప్పులు చెప్పొచ్చు. తల్లి పనిచేసే ఆసుపత్రివాళ్ళు కూడా దాన్నే తీసుకున్నారు. ఆ రోజు ఆవిడ కాళ్ళు నేలమీద నిలవలేదు. ఇప్పుడు ఆ తెరే ఆవిడ ప్రాణం తోడేస్తోంది. ఆసుపత్రి ముందు బల్ల దగ్గర కూర్చుని ఆవిడ, డాక్టరు రోగులను చూసే సమయాలు నమోదు చేయాలి. కిటికీలోంచి ఎండ పడగానే ఆ పల్చటి అక్షరాలు మాయమైపోతాయి. 'ఖాయం', 'రద్దు' మీటలు రెండూ ఒకే రంగు. నిన్న ఒక పెద్దాయన సమయాన్ని పొరపాటున రద్దు చేసేసింది. ఇంకోసారి ఇలా జరిగితే ఆ కుర్చీలో వేరేవాళ్ళని కూర్చోబెడతానన్నాడు డాక్టరు.

"ఒక్కసారి వచ్చి చూడవే తల్లీ. నా ఉద్యోగం పోయేలా ఉంది."

"అందంగా ఉండాలంటే రంగులు కళ్ళలో పొడిచినట్టు ఉండకూడదమ్మా. నీకు చెప్పినా అర్థం కాదు."

"మీ ఇద్దరి గొడవలో నా కాఫీ రద్దయింది," అన్నాడు తండ్రి పేపరు చాటునుంచి.

శనివారం సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నారు. కూతురు ఫోను తీసింది.

"నాన్నా, నా మీటల గురించి నెట్‌లో ఎవరో ఎంత బాగా రాశారో విను. 'ఎండ పడితే అక్షరాలు కనబడవు. ఖాయానికీ రద్దుకీ తేడా తెలియదు. ఒక పెద్దాయన అంత దూరం వచ్చి వెనక్కి వెళ్ళారు. ఆయన ముఖం నేను చూశాను, మీరు చూడలేదు.' మనసంతా ఎలాగో అయిపోయింది. పొద్దున్నే క్షమాపణ రాసి, మీటలు మార్చేశాను."

తల్లి గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఎవరట?"

"పేరు లేదు. 'ముందు బల్ల' అని పెట్టుకున్నారు."

"ఆ బల్ల దగ్గర కూర్చునేది నేనే."

తండ్రి నమలడం ఆపాడు.

"నువ్వా? మరి నాతోనే చెప్పొచ్చుగా," అంది కూతురు.

"చెప్పొచ్చుగా అంటావేంటే? పాలు పొంగినరోజు చెప్పాను. బట్టలు మడతపెడుతూ చెప్పాను. స్నానాలగది తలుపు బయట నిలబడి కూడా చెప్పాను. ఊరూ పేరూ తెలియని మనిషికైతే 'ఓపిగ్గా చెప్పినందుకు కృతజ్ఞతలండీ' అని రాశావు. ఆ 'అండీ' చూసి ఆసుపత్రిలోనే ఏడుపొచ్చింది నాకు. పరాయిదాన్నైతే తప్ప నా మాట నీ చెవికెక్కదన్నమాట."

కూతురు ఫోనులో తను రాసిన ఆ జవాబు మళ్ళీ చదువుకుంది.

సోమవారం పొద్దున అడక్కుండానే తల్లి వెంట బయలుదేరింది. కొత్త మీటలు ఆసుపత్రి తెరకు ఇంకా చేరలేదు. తల్లి కుర్చీలో తనే కూర్చుంది. ఎండ పడింది. అక్షరాలు పోయాయి. ఎదురుగా ఒకావిడ చంటిబిడ్డతో నిలబడి ఉంది. కూతురి వేలు రెండు మీటల మధ్య ఆగిపోయింది.

"అమ్మా, ఏది నొక్కాలి?"

"తెర కింది అంచున ఎర్ర చుక్క ఉంది చూడు, దాని పైనున్నదే ఖాయం. మొన్న ఆ పెద్దాయన వెళ్ళిపోయాక గోళ్ళరంగుతో పెట్టుకున్నాను."

తను ఎంచి ఎంచి పెట్టిన బూడిదరంగుల కింద ఆ చుక్క వంకరగా, ముద్దగా ఉంది. కూతురు దాన్ని చూస్తూనే ఉండిపోయింది.

"ఇప్పుడు నాకు అసలేమీ కనబడట్లేదమ్మా," అంది.

తల్లి కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. "ముందు ఆవిడ పని చూడు. కళ్ళజోడు తర్వాత మార్చుకుందువుగాని."