నామకార్థం గారు

“మీరు రక్షణ పొందారా?”

కళ్ళజోడు కౌంటరు మీద పెడుతూ అడిగిందామె.

కళ్ళజోళ్ళ షాపతను కూనిరాగం ఆపి తలెత్తాడు. ఎడమ కాడ స్క్రూ ఊడిపోయి, ఆ జోడు ఒంటిరెక్క పిట్టలా పడి ఉంది. అద్దాల్లేని ఆమె కళ్ళు చికిలించుకుని అతన్నే చూస్తున్నాయి.

“దేన్నుంచండీ?” అన్నాడు.

“పాపం నుంచి. మీరు పాడేది మా పాటే. అందుకని అడిగాను.”

“ఓ, అదా! మా తాతల నాటి నుంచీ మేం క్రైస్తవులమేనండీ. వీధి చివర రాతి చర్చి ఉంది చూడండి, అక్కడ క్వయర్‌లో పాడతాను. నేను పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి.”

“పుట్టుకతో క్రైస్తవులుండరండీ. పుట్టుకతో అందరూ పాపులే. మారుమనస్సు పొంది, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటేనే నిజమైన క్రైస్తవులు. మిగతావాళ్ళని...” అని ఆగిపోయింది.

“ఫర్వాలేదు, అనండి.”

“నామకార్థపు క్రైస్తవులంటారు.”

“అంటే పేరుకి మాత్రమే అని.”

“నేననలేదు. మా నాన్న అంటారు.”

అతను నవ్వాడు. చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని పని మొదలుపెట్టాడు. పని పూర్తయ్యాక జోడు రెండు చేతులతో అందించాడు.

“తీసుకోండి, మారుమనస్సు గారూ.”

ఆమెకి ఒళ్ళు మండింది. “థాంక్సండీ, నామకార్థం గారూ!” అని విసవిసా మెట్లు దిగింది.

ఎక్కడికో కాదు, ఎదురుగా ఉన్న లేడీస్ టైలరింగ్ షాపుకి. అక్కడ కిటికీ పక్క మిషను ఆమెది. ఆ కిటికీలోంచి రోడ్డుకవతల అద్దాల తలుపు, అక్షరాల బోర్డు, వాటి మధ్య తిరిగే మనిషీ కనిపిస్తారు. అద్దాలు పెట్టుకుంటే మరీ స్పష్టంగా కనిపిస్తారు.

స్క్రూ మళ్ళీ వదులైంది. బిగించాడు. ఇంకోసారి వదులైంది. మళ్ళీ బిగించాడు. ఆ రోజు వాన పట్టుకుంది. వెనక్కి వెళ్ళడానికి వీల్లేక ఆమె షాపులోనే నిలబడిపోయింది.

“ఖాళీగా ఉండటమెందుకు, కళ్ళు పరీక్ష చేస్తాను కూర్చోండి” అన్నాడు. ముఖానికి ఇనుప ఫ్రేము తగిలించి, ఒక అద్దం వేసి తీసి, ఇంకోటి వేశాడు. “ఇది బాగుందా... ఇది బాగుందా?”

“రెండూ ఒకేలా ఉన్నాయి.”

“నేను మొదట్నుంచీ మొత్తుకునేదీ అదే. మీ సంఘం, మా సంఘం.”

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఇనుప ఫ్రేము జారి ముక్కు చివరికి వచ్చింది. దాన్ని సరిచేయబోయి అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయట వాన రేకుల మీద మద్దెల వాయిస్తోంది. ఇద్దరూ దాన్నే శ్రద్ధగా విన్నారు.

“ఒకటి అడగనా?” అంది కాసేపటికి. “మీరు బిగించిన స్క్రూ ఇన్నిసార్లు ఎలా ఊడుతోంది?”

“పూర్తిగా బిగించట్లేదు కాబట్టి.”

“మోసం కదూ అది! నిజమైన క్రైస్తవుడు చేసే పనేనా?”

“కాదు. అందుకేగా నామకార్థం.” తర్వాత గొంతు తగ్గించాడు. “మీరు చెవులకీ మెడకీ ఏమీ పెట్టుకోరు. మీ ముఖం మీద నగ అంటూ ఉంటే ఈ జోడే. దాన్ని ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి కదండీ.”

ఆ మాటని ఆమె ఇంటికి పట్టుకెళ్ళి, ఎక్కడ దాచాలో తెలియక, దిండు కింద పెట్టుకుని పడుకుంది.

ఇంట్లో ఉండేది తనూ, నాన్నా. అమ్మ పోయాక ఆయనే జడ వేశాడు, ఆయనే అన్నం కలిపి పెట్టాడు. వడ్రంగం చేసేవాడు. మేడమీద వాళ్ళ సంఘం ప్రార్థన హాల్లో బెంచీలన్నీ ఆయన చేతివే. ఈమధ్య కొలతలు తప్పుతున్నాయని పని మానేసి, సంఘ పెద్దగా వాక్యం చెప్పడంలోనే పడ్డాడు. కళ్ళజోడు పెట్టుకోమంటే, “వాక్యం నాకు నోటికొచ్చు, అద్దాలెందుకు?” అంటాడు.

“నాకు మాత్రం చిన్నప్పుడే పెట్టించావుగా?”

“నీ విశ్వాసం నీది, నా విశ్వాసం నాది.”

అలాంటి మనిషిని నొప్పించి పెళ్ళి చేసుకోవడం ఆమె వల్ల కాని పని. ఆయన చెయ్యి తలమీద పడకుండా ఏ ఇంటికీ కోడలిగా వెళ్ళలేననుకుంది. ఆ సంగతి అతనికీ చెప్పింది. దాంతో అతను తన తల్లిని వెంటబెట్టుకుని ఇంటికే అడగడానికి వచ్చాడు.

ఆవిడ చేతులకున్న బంగారు గాజులు నాన్నకి సరిగా కనిపించలేదు కానీ, చప్పుడు బాగానే వినిపించింది.

“తలమీద నాలుగు చుక్కలు చిలకరిస్తే అది బాప్తిస్మం కాదండీ” అన్నాడు నాన్న, కాఫీలు కాకముందే.

“ఏం, మా చర్చి అయ్యగారిచ్చింది దొంగనోటా, మళ్ళీ మార్చుకు రమ్మనడానికి?” అందావిడ. “దేవుడు నీళ్ళు లీటర్లలో కొలుస్తాడా అన్నయ్యగారూ?”

“కొలవడమ్మా. బాప్తిస్మమంటే పాత మనిషిని పాతిపెట్టడం. పాతిపెట్టేటప్పుడు గుప్పెడు మట్టి చల్లి వచ్చేస్తామా?”

ఆవిడ గాజులు వెనక్కి తోసుకుంది. కాఫీ తాగింది.

నాన్న గొంతు మెత్తబడింది. “అబ్బాయి బుద్ధిమంతుడు. ఆ షాపు వీధి వీధంతా చెబుతోంది. నేను అడ్డం చెప్పేదల్లా ఒక్కటే, అవిశ్వాసితో జోడు కట్టకూడదని వాక్యం. ఆదివారం హాల్లో తొట్టి నింపిస్తాను. మునిగి లేస్తే చాలు, ఆపై వారం పెళ్ళి.”

తలుపు వెనక ఆమె ఆదివారం దాకా రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇంత తేలికా! ఒక్క మునక!

అతను కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“క్షమించండి. మునగలేనండీ.”

“ఎందుకని?”

“ఆ నీళ్ళలో నిలబడి, ప్రభువు కోసం దిగానని అందరి ముందూ చెప్పాలి. నేను దిగేది మీ అమ్మాయి కోసం. అలా చెప్పలేను.”

నాన్న ముఖం గట్టిపడింది. “అయితే వెళ్ళి రండి.”

మెట్లు దిగుతూ తల్లి కొడుకుని తిడుతున్న తిట్లు పైదాకా వినిపించాయి. “లోపల వాదించినదాన్ని నేను! నీకేం పోయింది? ఒక్కసారి మునిగేస్తే సరిపోయేదిగా, మొండి వెధవా!”

మర్నాడు ఆమె వానలోనే గొడుగేసుకుని రోడ్డు దాటింది. స్క్రూ ఊడలేదు. ఆమే ఊడిపడేలా ఉంది.

“నా కోసం ఒక్క మునక మునగలేరా?”

“మీ కోసమంటే ఎంత లోతు నీళ్ళలోనైనా దూకుతాను. ఈత రాదు, అయినా దూకుతాను. కానీ దేవుడి పేరు చెప్పి దూకమంటున్నారు.”

“నామకార్థానికి ఇంత పట్టుదలేంటండీ!”

అన్నాక తనకే తెలిసింది, ఆ పేరు ఇన్నాళ్ళూ ముద్దుగా పిలిచేదని, ఈసారి రాయిలా విసిరిందని.

అతను జోడు తుడిచే గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. “నామకార్థాన్ని కాబట్టేనండీ. నాకున్నది ఆ పేరొక్కటే. దాన్ని కూడా అబద్ధం చేసుకోమంటారా?”

ఆమె గొడుగు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎన్ని కాజాలు కుట్టిందో, అందులో ఎన్ని విప్పిందో లెక్కలేదు. తల ఎత్తితే అద్దాల తలుపు. తల దించితే సూది. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తేది. సరిగ్గా అప్పుడే అతనూ ఎత్తేవాడు. ఇద్దరూ తప్పు చేసిన పిల్లల్లా తల దించుకునేవాళ్ళు. అతను పాడటం మానేశాడు. రోడ్డు మీద ఇన్ని హారన్లు మోగుతున్నా, ఆ కూనిరాగం లేకపోవడమే ఆమెకి వినిపించేది.

ఆమె గొడుగు మాత్రం అతని షాపు తలుపు పక్కనే వేలాడుతోంది. ఇచ్చెయ్యడానికి అతను రాడు. తెచ్చుకోవడానికి ఈమె వెళ్ళదు. వాన పడితే టైలరింగ్ షాపు ఓనరమ్మ కొంగు కింద దూరి బస్సెక్కేది.

నిజంగానే స్క్రూ ఊడింది ఒకరోజు. ఆమె నల్లదారం తీసుకుని కాడకి కట్టేసుకుంది.

ఓనరమ్మ చూసి నుదురు కొట్టుకుంది. “మీ ఇద్దరి దేవుడూ ఒకడేనటగా?”

“ఒకడే అక్కా.”

“మరి ఆయన్నే అడగరాదుటే, మధ్యలో ఈ దారం బతుకేంటి?”

ఆ ఆదివారం హాల్లో ఒక కుర్రాడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆమె సంఘంలోని పిల్లనే చేసుకోబోతున్నాడు. గుండెల్లోతు నీళ్ళలో నిలబడి, తన పాపాల గురించీ, పొందిన మారుమనస్సు గురించీ గడగడా అప్పజెప్పాడు. కళ్ళు మాత్రం మూడో బెంచీలో కూర్చున్న పిల్ల మీదే ఉన్నాయి. మునిగి లేచి ఆ పిల్లకేసి చూసి, గెలిచినట్టు నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. అతన్ని ముంచి తొట్టి గట్టున నిలబడ్డ నాన్న కూడా చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు, తడి ఎప్పుడో ఆరిపోయినా.

తను అతన్ని అడిగింది ఇదేనా? ఈ నవ్వేనా? ఆమెకి ఒక్కసారిగా సిగ్గనిపించింది. ఆ సిగ్గు వెనకే ఎన్నడూ లేనంత బెంగ వచ్చింది.

మరుసటి వారం నాన్న ప్రకటనలు చదివాడు. వాక్యం నోటికొచ్చు కానీ, ప్రకటనలు ఎవరికి నోటికొస్తాయి? కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా తెచ్చుకుని, గంభీరంగా చెప్పాడు.

“ఆరాధన అయ్యాక ఎవరూ వెళ్ళిపోవద్దు. కొత్త దంపతుల తరఫున అందరికీ మందు ఉంటుంది.”

హాలంతా తలలు పైకి లేచాయి. వెనక బెంచీలోంచి ఎవరో ముసలాయన, “హల్లెలూయ!” అన్నాడు. ఇక పైకప్పు లేచిపోయింది.

“విందు నాన్నా, విందు!” అని ఆమె లేచి అరిచింది, నవ్వో ఏడుపో తెలియకుండా.

మర్నాడు పొద్దున ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“పద.”

“ఎక్కడికి నాన్నా?”

“మీ షాపు వీధిలో కళ్ళజోళ్ళ షాపులు ఎన్నున్నాయేంటి?”

వాళ్ళని చూసి అతను కుర్చీలోంచి లేవబోయి, లెన్సుల డబ్బాని మోచేత్తో తోశాడు. గాలిలోనే పట్టుకున్నాడు. నాన్న నేరుగా పరీక్ష కుర్చీలో కూర్చుని ముఖం ముందుకి పెట్టాడు. ఇనుప ఫ్రేము ఎక్కింది.

“ఇది బాగుందాండీ... ఇది బాగుందా?”

“రెండోది.”

“ఇప్పుడు?”

“ఆఁ... ఆఁ! వ... మ... ప... ఓరి, ఇన్నాళ్ళూ ఇవన్నీ ఒకటేననుకున్నానే!” కుర్రాడిలా సంబరపడుతూ, చుట్టూ చూడటానికి తల తిప్పాడు. పక్కనే కూతురు నిలబడి ఉంది.

ఆయన నవ్వు ఆగిపోయింది.

“ఏంటమ్మా, ఇలా చిక్కిపోయావేంటి?” అన్నాడు. “ఎప్పట్నుంచి?”

ఆమె నల్లదారం కట్టిన జోడు వెనక కళ్ళు నిండిపోయాయి.

నాన్న ఆ దారాన్ని చూశాడు. తలుపు పక్కన గొడుగుని చూశాడు. తన ఇంట్లో మూలనుండే గొడుగు. అన్నీ తెలిసిపోతున్నాయి, ఈ దిక్కుమాలిన అద్దాలతో.

“అబ్బాయ్, ఇలా రా.” గొంతు సవరించుకున్నాడు. “చాలామందిని ముంచాను నేను. పెళ్ళి కోసం మునిగినవాళ్ళెవరో నా చేతులకి తెలుసు. అయినా ముంచాను. ఒక్కడూ వద్దనలేదు. వద్దన్నవాడివి నువ్వే.”

“నేను మిమ్మల్ని నొప్పించాలని...”

“ఆగు. దేవుడి ముందు అబద్ధమాడటానికి భయపడ్డవాణ్ణి పట్టుకుని అవిశ్వాసి అంటే, ఆయన నన్నే అడుగుతాడు. చిలకరింపు తప్పనే ఇప్పటికీ అంటాను. పెళ్ళయ్యాక కూడా అంటాను. రోజూ వచ్చి మరీ అంటాను.”

“రండి. మా అమ్మకీ వాదించడానికి మనిషి కావాలి.”

“నీకు నిజంగా మనసైన రోజు చెప్పు, తొట్టి నింపిస్తాను. మనసు కాకపోతే చెప్పకు.” కూతురి తలమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. “ముందు నాకో మంచి జోడు కట్టు. మీ జోడు సంగతి ఆదివారం మీ అయ్యగారితో, మా సంఘంతో కూర్చుని మాట్లాడతాను. అరిచేవాళ్ళు అరుస్తారు. వినపడకుండా ఉండే జోడేమన్నా ఉంటే అదీ ఇవ్వు.”

ఫ్రేములు చూసే నెపంతో ఆయన అవతలి అద్దం దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె జోడు తీసి కౌంటరు మీద పెట్టింది. అద్దాలు లేకపోతే అతని ముఖం మసకగా ఉంది. లేదా అది కళ్ళలో నీళ్ళవల్ల.

అతను దారాన్ని కత్తిరించకుండా, ముడి ముడే ఓపిగ్గా విప్పాడు. స్క్రూ పెట్టి తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఆమె చెయ్యి చాచింది కానీ అతను చేతికివ్వలేదు. వంగి, తనే ఆమె చెవుల మీద పెట్టాడు.

“ఈసారి పూర్తిగా బిగించాను, మారుమనస్సు గారూ.”

“ఎందుకు?”

“ఇంక ఊడాల్సిన పని లేదుగా.”

“ఊడితే?”

“ఊడితే, ఇంట్లోనే ఉంటాను కదండీ.”

అవతల అద్దం ముందు నాన్న గట్టిగా దగ్గాడు. దగ్గు పూర్తయ్యేలోగా, చాలా రోజుల తర్వాత, ఆ షాపులో కూనిరాగం మొదలైంది. రెండో చరణంలో ఆమె గొంతు కలిపింది. మూడో చరణం దగ్గర, రాగం మీరు తప్పు పాడుతున్నారంటే మీరే తప్పని మళ్ళీ గొడవ పడ్డారు.