అద్దంలా కడిగిన కంప్రెసర్

"దొంగ ఎవరో నాకు తెలుసండీ. ఋజువు కావాలి, అంతే."

కార్ల షెడ్డు యజమాని డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని ఈ మాట అన్నాడు. అని తల దించుకున్నాడు. దొంగ అంటున్నది పరాయివాణ్ణి కాదు, తన షెడ్డులోనే పనిచేసే సొంత బావమరిదిని.

డిటెక్టివ్ తల నెరిసిన మనిషి. ఆవిడ ఏమన్నా వేదవాక్కనుకునే కుర్ర అసిస్టెంట్ పక్కనే నిలబడ్డాడు. "మీకు తెలిసిందే చెప్పడానికి నేనెందుకు? మొదటినుంచీ చెప్పండి," అందావిడ.

యజమాని చెప్పాడు. ఖరీదైన పెద్ద ఎస్‌యూవీ ఒకటి షెడ్డుకి వచ్చింది. ఏసీ కంప్రెసర్ పట్టేసింది, చేత్తో తిప్పితే కదలదు. ఆ మోడల్‌కి కొత్తవి చెయ్యడం కంపెనీ మానేసింది. పాత సామాన్ల యార్డులన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు. బోల్టులు కలిసినచోట పుల్లీ కలవలేదు, పుల్లీ కలిసినచోట గ్యాస్ గొట్టం కలవలేదు. చివరికి ఒక యార్డులో అచ్చం అలాంటిదే దొరికింది.

"నేనే తిప్పి చూశానండీ, వెన్నలా తిరిగింది. తెచ్చి అరలో పెట్టాను. మర్నాడు మావాడు బిగించబోతే, బావా ఇది పట్టేసింది అంటాడు. షెడ్డు తాళంచెవి నా దగ్గరొకటి, వాడి దగ్గరొకటి. ఇంకెవడు మారుస్తాడు?"

"అడిగారా?"

"అందరి ముందూ కడిగేశాను. వాడి సంచి బల్లమీద బోర్లించి చూశాను కూడా."

"ఏం దొరికింది?"

ఆయన గొంతు తగ్గిపోయింది. "టిఫిన్ డబ్బా. మాసిన చొక్కా. కళ్ళజోడు."

అంత పెద్ద కంప్రెసర్‌ని టిఫిన్ డబ్బాలో వెతికిన ఘనత తన నోటితోనే వింటే ఆయనకే బాగోలేదు. "మా ఆవిడ మాట్లాడ్డం మానేసిందండీ. తమ్ముడి నిర్వాకం కళ్ళారా చూస్తేగానీ నమ్మదు," అని సర్దుకున్నాడు.

"కారులోంచి విప్పిన పాతది ఏది?"

"యార్డుకి పోయింది. కొన్నచోట పాతది తిరిగిచ్చెయ్యడం మా పద్ధతి. వాళ్ళు కరిగించడానికి పంపుకుంటారు. మావాడు బిగించబోయే ముందు, ఆ పొద్దున్నే వ్యాన్ వస్తే నేనే ఎత్తి ఇచ్చాను. అది విప్పేటప్పుడు కూడా మావాడు వైరు తగిలించే క్లిప్పు విరగ్గొట్టాడు. మొరటు చేతులు."

డిటెక్టివ్ లేచి గొడుగు అందుకుంది. "పదండి, షెడ్డు చూద్దాం."

షెడ్డులో నేల దగ్గర్నుంచి స్పానర్ల దాకా తళతళలాడుతున్నాయి. ఆవిడ చుట్టూ చూసి మెచ్చుకుంటే ఆయన ఉబ్బిపోయాడు.

"ఏ పార్టయినా నేనే కడుగుతానండీ. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వను."

"చెడిపోయిందైనా?"

"అదైనా సరే. మురికిగా పంపితే నాకు చెడ్డపేరు. యార్డునుంచి తెచ్చిన రోజు రెండూ కలిపే కడిగాను. మంచిదానిమీద యార్డువాడు పెట్టిన పెయింటు గుర్తు కూడా గీకి పారేశాను."

ఆవిడ అరలోని కంప్రెసర్‌ని అసిస్టెంట్ చేతికిచ్చింది. అతను నలువైపులా తడిమాడు. వైరు తగిలించే చోట బొటనవేలు ఆగింది. అతను నోరు తెరవబోతే ఆవిడ కళ్ళతోనే వద్దంది. అది చూసి యజమాని లోలోపల సంబరపడ్డాడు. ఋజువు దొరికిందన్నమాట. ఇక బావమరిది పని అయిపోయినట్టే.

"కరిగించడానికి తీసుకెళ్ళే లారీ యార్డుకి ఎప్పుడొస్తుంది?" అని డిటెక్టివ్ అడిగింది.

"రేపో మాపోనండీ."

ఆవిడ మరోమాట లేకుండా బయటికి నడిచింది.

మర్నాడు సాయంత్రం అందర్నీ షెడ్డుకి పిలిపించింది. యజమాని భార్య ఒక పక్కన నిలబడింది. యార్డువాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావమరిది లోపలికి రాలేదు, గేటు దగ్గరే ఆగిపోయాడు. బల్లమీద రెండు కంప్రెసర్లు కవలపిల్లల్లా మెరుస్తున్నాయి.

"దొంగ మంచిది పట్టుకుపోయి, దాని చోట పట్టేసింది పెట్టాడన్నారు," అంది డిటెక్టివ్. "అలాంటిది ఒక్కటి దొరకడానికే మీ కాళ్ళరిగాయి. మరి దొంగకి అదే మోడల్ ఇంకొకటి ఎక్కడ దొరికింది?"

యజమాని రెండు కంప్రెసర్లనీ మార్చి మార్చి చూశాడు.

"పట్టేసింది ఈ షెడ్డులో ఒక్కటే ఉంది. ఈ కారులోంచి విప్పింది. ఇది అరలో ఉన్నది, వైరు క్లిప్పు తడిమి చూడండి."

ఆయన తడిమాడు. క్లిప్పు విరిగి ఉంది. వేలు అక్కడే ఉండిపోయింది.

"రెండోది మా పాత కుప్పలోంచి మేడమే తీశారండీ," అన్నాడు యార్డువాడు. "తిరిగొచ్చినవాటిని మేం తిప్పి చూడం, కరిగించేవేగా."

డిటెక్టివ్ రెండోదాన్ని తిప్పింది. వెన్నలా తిరిగింది.

"మరి మార్చిందెవరు?" అని భార్య అడిగింది.

"రెండింటినీ ఒకేలా కడిగి, గుర్తు చెరిపేసి, వ్యాన్‌కి ఎత్తి ఇచ్చినవారు."

యజమానికి భూమి చీలితే దూరిపోదామనిపించింది. భార్య తిట్టినా కాస్త బాగుండేది, ఆవిడ తిట్టలేదు. ప్రతి కేసు చివరా ఎలా కనిపెట్టారని అడిగే అసిస్టెంట్ కూడా ఆ పూట నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆయన గేటు దాకా వెళ్ళాడు. "తప్పయిపోయిందిరా. నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు.

"సర్లే బావా. కారు వాళ్ళు ఎదురుచూస్తుంటారు," అని బావమరిది లోపలికొచ్చి పనిలో కూర్చున్నాడు. కంప్రెసర్ బిగించాడు, గ్యాస్ ఎక్కించాడు, ఇంజను వేశాడు. కారులోంచి చల్లటిగాలి వచ్చింది. యజమాని ఆ గాలికి ఎదురుగానే నిలబడ్డాడు, అయినా చొక్కా చెమటతో తడిసిపోయింది.

పని ముగించి బావమరిది చేతులు కడుక్కుని సంచి భుజాన వేసుకున్నాడు. గేటువైపు నడుస్తూ ఆగి, బావ ముందుకొచ్చి, జిప్పు తీసి సంచి చాపాడు.

"చూసుకో బావా."

గొంతులో ఎగతాళి లేదు, కోపమూ లేదు. ఇకమీదట వెళ్ళేముందు ఇదొక పద్ధతి అనుకున్నట్టుంది. అదే టిఫిన్ డబ్బా, మాసిన చొక్కా, కళ్ళజోడు. జిప్పు మూసేద్దామని యజమాని చెయ్యి చాపాడు. చెమట పట్టిన వేళ్ళకి జిప్పు పట్టు దొరకలేదు. చివరికి భార్య వచ్చి తమ్ముడి సంచి మూసింది, అతని వెంట గేటు దాటి వెళ్ళిపోయింది.