నూట పన్నెండు బై డెబ్భై

నీటి ఒప్పందం మీద సంతకం చెయ్యాల్సిన ప్రతినిధి మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "మిత్రులారా" అన్నాడు. రెండో మాట అనకుండానే కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందని ఆస్పత్రివాళ్ళు రాశారు. నెల రోజుల్లో పదకొండు కిలోలు తగ్గాడని ఊరంతా మెచ్చుకుంటున్న మనిషి.

మూడు వారాల తర్వాత, ఉదయం ఎనిమిదింటికి, ఏజెంట్ బస్తా చీఫ్ గదిలో నిలబడి ఉన్నాడు. కూర్చోమని చీఫ్ అనలేదు. పోయినసారి అతను కూర్చుంటే విరిగిన కుర్చీ ఇంకా మూలనే ఉంది.

నూట నలభై కిలోల మనిషికి బస్తా అని పేరు పెట్టింది డిపార్ట్‌మెంటే. కానీ ఏటా మెడికల్ చెకప్‌లో అతని బీపీ నూట పన్నెండు బై డెబ్భై దాటేది కాదు. చీఫ్ రోజుకి మూడు బీపీ మాత్రలు మింగుతాడు. ఆ కారణానికే బస్తాని చూస్తే చీఫ్‌కి ఒళ్ళు మంట.

"ఇన్నాళ్ళకి నీ పొట్ట పనికొచ్చింది," అన్నాడు చీఫ్. "బరువు తగ్గించే క్లినిక్ ఒకటుంది. నడిపేది విదేశీ ముఠా. పేషెంటుగా వెళ్తావు. నీకు మారువేషం కూడా దండగ."

పక్కనున్న మందుల నిపుణురాలు బోర్డు మీద మెదడు బొమ్మ గీసింది.

"ఒంట్లో కొవ్వు పెరిగితే ఒక హార్మోన్ మెదడుకి కబురు మోసుకెళ్తుంది. అక్కడో స్విచ్ పడుతుంది, ఆకలి తగ్గుతుంది. కానీ అదే స్విచ్ నుంచి ఇంకో వైరు గుండెకీ రక్తనాళాలకీ వెళ్తుంది. బీపీ పెరుగుతుంది. వీళ్ళ ఇంజెక్షన్ ఆ స్విచ్‌నే నొక్కుతుంది. ముందు చిన్న డోసులిస్తారు. మనిషి సన్నబడి మురిసిపోతాడు. ఆఖరి డోసు మాత్రం యాభై రెట్లు. పన్నెండు నిమిషాల్లో పని అయిపోతుంది. గంట గడిస్తే రక్తంలో ఆనవాలుండదు."

"కొత్త ప్రతినిధి కూడా అక్కడే చేరింది," అన్నాడు చీఫ్. "వద్దంటే వినదు. టీవీలో లావుగా కనిపిస్తోందట! ఇవాళ పదిన్నరకి ఆఖరి ఇంజెక్షన్, పదకొండున్నరకి సంతకం. ఈవిడ కూడా పోతే ఒప్పందం పోతుంది, సరిహద్దులో తుపాకులు లేస్తాయి. ఆ ఇంజెక్షన్ సాక్ష్యంగా కావాలి, ఆవిడ ప్రాణాలతో కావాలి. లోపల మన మనిషి చిలక ఉంది."

బస్తా మొహం మాడిపోయింది. చిలక అతని మాజీ భార్య. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె అతని కంచం వంక తప్ప మొహం వంక చూసింది తక్కువ.

"చొక్కా రెండో గుండీలో మైకుంది. ఆపదొస్తే కోడ్ 'నాకు ఆకలి లేదు'. పొరపాటున కూడా నీ నోట రాని మాట అదొక్కటే," అన్నాడు చీఫ్.

వరండాలో నిపుణురాలు అతన్ని ఆపింది. "మీ ఫైలు చదివాను. ఆ మందు మీమీద పనిచెయ్యకూడదు. థియరీ ప్రకారం."

"థియరీ తప్పుతుందా, మేడమ్?"

"తరచుగా."

క్లినిక్‌లో అంతా తెలుపే. చిలక తెల్లకోటులో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో వచ్చింది. "కిటికీ తెరవనా?" అంది.

"గాలి వద్దు, వెలుతురు చాలు," అని బస్తా సంకేతం పూర్తి చేశాడు.

ఆమె అతని చేతికి బీపీ పట్టీ చుట్టి, చేతుల మీదుగా పొట్ట చుట్టూ తోలు బెల్టు బిగించింది. అది ఆఖరి రంధ్రానికి గానీ అందలేదు. ఆ తర్వాత సిరంజి తీసింది.

"టైం పదీ పదిహేడు. ఆవిడ పక్క గదిలో ఉంది. నీకు పన్నెండు నిమిషాలు చాలు."

"అమ్ముడుపోయావన్నమాట."

"నీ పక్కన బతకడం కన్నా అదే నయం." సూది అతని పొట్టలో దిగింది.

ఆమె స్టూలు లాక్కుని మానిటర్ ముందు కూర్చుంది. "ఎనిమిదేళ్ళు వండి వండి నా చేతులు పడిపోయాయి. నోరు కట్టుకోవడం చేతకాని మనిషివి నువ్వు."

"పుట్టుకతోనే ఇంతని చెప్పానుగా. మా అమ్మా, మా మేనమామా..."

"సాకులు."

ఆ మాట సూది కన్నా లోతుగా దిగింది. అంతకన్నా లోతున భయముంది. నిపుణురాలి 'తరచుగా' చెవిలో మోగుతోంది. అతను గుండీ వైపు గడ్డం వంచి, "నాకు ఆకలి లేదు," అన్నాడు.

చిలక పకపకా నవ్వింది. "పని మొదలెట్టింది! నీ నోట ఈ మాట వినాలని ఎన్ని మొక్కులు మొక్కానో!"

పదీ ఇరవై ఎనిమిది. మానిటర్ మీద నూట పన్నెండు బై డెబ్భై. ఆమె మిషన్‌ని చేత్తో బాదింది. పట్టీ విప్పి తన చేతికే చుట్టుకుంది. నూట అరవై బై వంద.

"మిషన్ బాగానే ఉంది," అన్నాడు బస్తా. "నా మెదడులో ఆ స్విచ్ పుట్టుకతోనే పాడు. కబురొస్తుంది, వినే నాథుడు లేడు. అందుకే ఆకలి తీరదు, అందుకే బీపీ పెరగదు. పెళ్ళైన మొదటి వారమే రిపోర్టు నీ చేతిలో పెట్టాను. నువ్వు కవరు కూడా విప్పలేదు."

గుండెల నిండా గాలి పీల్చాడు. బెల్టు బకిల్ టప్పున ఎగిరి గోడకి తగిలింది. ఆమె లేచేలోపు అతను బయటికి దూకి తలుపు గడియ పెట్టాడు.

పక్క గదిలో గడియారం సరిగ్గా పదిన్నర చూపిస్తోంది. పొడుగు డాక్టరు ప్రతినిధి పొట్ట మీదికి సిరంజి దించుతున్నాడు. బస్తా పరుగున వచ్చి మధ్యలో అరచెయ్యి పెట్టాడు. సూది అందులో దిగబడి, సగం మందు ఎక్కించి అక్కడే నిలిచింది. డాక్టరు నిబ్బరంగా చేతులు కట్టుకుని, ఇతను ఎప్పుడు పడతాడా అని చూశాడు. బస్తా నిజంగానే పడ్డాడు, డాక్టరు మీద. ముఠా నాయకుడైన ఆ డాక్టరు కింద నుంచి కుయ్యోమొర్రో అన్నాడు.

తుపాకులతో వచ్చిన చీఫ్‌కి అతను లేవకుండానే అరచెయ్యి చాపాడు. "సాక్ష్యం, సార్. సగం మందు ఇంకా ఇందులోనే ఉంది."

ప్రతినిధి చీర సర్దుకుంది. "నేను లావుగానే సంతకం చేస్తాను బాబూ," అంది, కళ్ళ నీళ్ళతో.

చిలకని సంకెళ్ళతో అటుగా తీసుకెళ్తున్నారు. బస్తా ఆమె వైపు చూశాడు. ఇప్పుడైనా ఒక్క మాట అంటుందేమోనని అతనికి సిగ్గులేని ఆశ.

"సాకులు," అని ఆమె మొహం తిప్పుకుంది.

చీఫ్ జేబులోంచి మాత్ర తీసి మింగాడు. "నీ నోట ఆ మాట వినగానే నా గుండె ఆగినంత పనైందయ్యా."

బస్తా అరచేతిలోంచి సూది పీకి అతనికి అందించాడు.

"ఈ కేసు మొత్తంలో నేనాడిన అబద్ధం అదొక్కటే, సార్. ఇక్కడ క్యాంటీన్ ఎటు?"