మొదటిసారికే పడిన వేలిముద్ర

పలాసలో డిటెక్టివ్‌కేం పని అని నవ్విన వాళ్లే, ఇంటి గుట్టు విప్పాల్సి వస్తే ఇందుమతి ఆఫీసు మెట్లెక్కుతారు. ఆ ఉదయం ఎక్కినామె పూండి దగ్గర జీడితోట సాగుచేసుకునే బొడ్డమ్మ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా ఇంద్రజకి బుద్ధి ఎదుగుదల తక్కువమ్మా. మాట కూడదీసుకోడానికి సానాసేపు పడతాది. ఉపాధి కేంద్రమోళ్లు జీడిపిక్కలు కొట్టే పనిలో ఎట్టేరు. ఇప్పుడు కేంద్రమోళ్ల వేను బండి వత్తే సాలు, మంచం కోడు అట్టుకుని ఒగ్గదు. నానే ఊడదీసి ఎక్కిత్తన్నాను. వేరే పని సూడండంటే, ఉద్యోగం ఉన్నట్టు కంప్యూటర్లో ఉంది, ఇంకోటి ఇవ్వడానికవదు అంతన్నారు.”

“పిల్ల చేతులెలా ఉంటాయి?” అని అడిగింది ఇందుమతి.

“తెల్లగానే ఉంటాయి. గ్లౌజులిత్తన్నామన్నారు.”

ఇందులో కేసేముందని ఆమె సహాయకుడు యువరాజుకి అనిపించింది. కానీ మేడమ్ పెన్నుకి మూత పెట్టిందంటే ఏదో పట్టేసిందని అర్థం. అలాంటప్పుడు ఆమెను చూస్తే అతనికి గర్వం, తన మీద తనకు కాస్త జాలి కలుగుతుంటాయి.

ఉపాధి కేంద్రంలో మేనేజర్ ఉమాశంకర్ తెర తిప్పి చూపించాడు. ఇంద్రజ రోజూ హాజరు, రోజూ వేలిముద్ర మొదటిసారికే పడింది.

“ఫ్యాక్టరీ గేటు దగ్గరే వేయిస్తాం. జిల్లాలో ఇంత శుభ్రమైన డేటా ఎవరిదీ ఉండదు” అన్నాడు.

వరండా చివర పాత సామాన్ల గది ఉంది. దాని బయటి గడియ అరిగి మెరుస్తోంది.

కృష్ణారావు జీడి ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొడుతున్నారు. ఒక్కరికీ గ్లౌజులు లేవు. హాజరుకి ఫొటోలు తీస్తున్నారు.

“వేలిముద్ర యంత్రం లేదా?” అంది ఇందుమతి.

“మూల పడీసినాం మేడమ్” అన్నాడు యజమాని కృష్ణారావు. “జీడిసొన తగిల్తే సర్మం కాలిపోతాది. ఇంక ఏలిముద్ర గీతలుంటాయేటి?”

“ఇంద్రజ వస్తోందా?”

“వత్తంది” అన్నాడతను, నేల చూస్తూ.

మర్నాడు ఇందుమతి అందరినీ కేంద్రంలో కూర్చోబెట్టింది. బల్ల మీద వేలిముద్ర యంత్రం పెట్టించి, పిక్కలు కొట్టే ఒకామెను వేలు నొక్కమంది. ఎన్నిసార్లు నొక్కినా ఎర్రలైటే. తర్వాత ఇంద్రజ నొక్కింది. వెంటనే పచ్చలైటు వెలిగింది.

“డేటా అబద్ధం చెప్పలేదు” అంది ఇందుమతి. “ఈ అమ్మాయి పిక్క ముట్టలేదని రోజూ చెబుతూనే ఉంది. మరి పగలంతా ఎక్కడుంది?”

ఇంద్రజ లేచింది. ఎవరూ చెప్పకుండానే వరండా వెంట నడిచి, ఆ సామాన్ల గదిలోకి వెళ్లి, మూల కూర్చుంది. తలుపు ఎప్పుడు మూస్తారా అని ఎదురుచూస్తోంది. యువరాజు వెళ్లి ఆ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“సెయ్యి తెగుతాదేమోనని రానివ్వలేదమ్మా. పనిలోకి వత్తందని ఈయన సంతకం ఎట్టమన్నాడు, ఎట్టీసినాను” అన్నాడు కృష్ణారావు.

ఉమాశంకర్ ముఖం తుడుచుకున్నాడు. “ఎవరికే పని నప్పుతుందో తెలుసుకోడానికి నెలలు పడుతుంది. అందాకా మా కేంద్రం పేరేం కావాలి?”

“ఆ నెలలు వెచ్చించడమే మీ పని. ఏ పని నచ్చింది, ఏది భయపెట్టిందని అడిగి రాసుంటే, అదీ డేటా. మీరు పేరు నిలుపుకోడానికి ఒక మనిషికి గడియ పెట్టారు” అంది ఇందుమతి. అప్పటికే ఫోన్ చేసి పిలిపించిన పోలీసులు అతన్ని తీసుకెళ్లారు.

బొడ్డమ్మ కూతురి కాళ్ల దగ్గర కూలబడింది. “నానే ఎక్కించినాను తల్లీ. నా సేతుల్తో నానే ఎక్కించినాను.”

ఇందుమతి వెళ్లి వాళ్ల పక్కనే నేల మీద కూర్చుంది. “నీకే పని చెయ్యాలనుంది, ఇంద్రజా?”

చాలాసేపు మాట రాలేదు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

“పని సేత్తాను” అంది ఇంద్రజ చివరికి. “తలుపెయ్యకండి.”