కుంటలోంచి మూడు పిలుపులు

"చెరువుల పూసింది చెప్పరాని పువ్వు ఉయ్యాలో...
తెంపబోయిన చెయ్యి..."

ఆ తర్వాత ఏముండెనో యాదికొస్తలేదు. చిన్నప్పటి పాట. చంపాపేటల మా వాడ వెనక కుంట తలుచుకుంటే ఇంతవరకే నోటికొస్తది.

పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవ్వరూ పోకపోయేది. ఒక వానకాలం మా పక్కింటి యాకోబు మూసీ ఒడ్డు నుంచి నీలిపువ్వు మొక్క ఒకటి తెచ్చి ఆ కుంటల ఇడిచిండు — పువ్వు బాగుందని పెండ్లాం ఎస్తేరు ముచ్చటపడ్డదని. ఏడాది తిరగకముందే నీళ్లు కనబడకుండ కమ్మేసింది. గుర్రపుడెక్క అంటరట దాన్ని. పీకుదామని దిగిన మా వాడ బక్కయ్య... మళ్ల పైకి రాలేదు. అప్పటి నుంచి ఆ కుంట పేరు పెట్టి పిలుస్తదని చెప్పుకునేటోళ్లు.

రాత్రి ఎవరన్న పిలిస్తే మూడోసారి దాక పలుకొద్దు, దెయ్యం రెండుసార్లే పిలుస్తది — నల్గొండ దిక్కు నుంచి మేం వెంట తెచ్చుకున్న కట్టడి. ఎస్తేరు చర్చికి పోయేదే. అయినా ఇది మాత్రం ఇడువలేదు.

అరవై తొమ్మిదిల, తెలంగాణ గొడవలప్పుడు... ఎస్తేరు చెప్పిందే రాస్తున్న.

పట్నంల కాల్పులైనయని కబురొచ్చింది. కర్ఫ్యూ. పనికి పోయిన యాకోబు ఇల్లు చేరలేదు. రోడ్డు ఇడిచి కుంట దిక్కు నుంచి వస్తడేమోనని ఎస్తేరు లాంతరు పట్టుకున్నది.

"వద్దే చెల్లె," అన్న నేను.

"జర చూసొస్తా అక్కా."

గట్టు మీద గాలి లేదు. అయినా ఆకులు కదులుతున్నయి. పూల నడుమ ఒక మనిషి... నడుం దాకనే. కాళ్లు లేవు! మెల్లగ ఆమె దిక్కే వస్తుండు. మొహం యాకోబుదే.

కాల్పులల్ల సచ్చిపోయిండు... ఇది ఆయన కాదు — అనుకున్నది ఎస్తేరు.

"ఎస్తేరూ..."

పలుకలేదు.

"ఎస్తేరూ..."

మనిషి మెడ దాక దిగిండు. ఆకులు చుట్టూ మూసుకుంటున్నయి. పలికితే తనను తీస్కపోతది. పలుకకుంటే... నిజంగ ఆయనే అయితే?

గడ్డం మునిగింది.

"ఎస్తేరూ! చెయ్యియ్యవే!"

మూడోది!

గట్టు మీద బోర్ల పడుకొని కొంగు ఇసిరింది. గుంజింది. కాళ్లకు వేర్లు చుట్టుకొని బయటపడ్డడు యాకోబు — ప్రాణాలతోనే. పోలీసులు తరిమితే ఉరికొచ్చి, చీకట్ల చదునుగ కనబడ్డదాన్ని గడ్డి బీడనుకొని దిగిండట.

తెల్లారి వాడకట్టంత నవ్వింది. "నీ పువ్వే నిన్ను మింగబోయె గద బావా!"

ఎస్తేరు నవ్వలేదు. గొడవలు సల్లబడ్డంక వాళ్లు ఇల్లు ఖాళీ చేసి బాటసింగారం పోయిండ్రు. బండి కదిలేముందు నా చెవి దగ్గరికొచ్చి, మెల్లగ అన్నది —

"ఊపిరాడక ఒక్కసారే పిలిచిన అంటుండు అక్కా... మరి ముందు రెండుసార్లు పిలిచిందెవరు?"