భువనేశ్వరికి బదులు

తెల్లవారేసరికి ప్రొద్దుటూరులో ఈశ్వర్ ఇంటి ముందున్న పాలకేంద్రం దగ్గర క్యాన్లు బారులు తీరాయి. వేంపల్లె మిఠాయి దుకాణం మహబూబ్ బాషా కొత్త బేరానికి వచ్చి కూర్చున్నాడు. ఇక ఈశ్వర్ నోటికి అడ్డూ ఆపూ లేదు.

"పెన్నకు నీళ్లొచ్చి జమ్మలమడుగు దారి మూసకపోయినా మనకేం బాధ లేదు బాషాన్నా. పులివెందుల పాలు వచ్చేస్తాయి. ఆ ఆటో చెడిపోతే ఇంకో ఆటో. కరెంటు పోతే జనరేటరు. నీ కోవా పొయ్యి ఒక్క పూట గూడా ఆరదు!"

గొప్పలు కావవి, నిజాలే. ఒకసారి వానలకు దారి తెగి పాలన్నీ విరిగిపోతే తల పట్టుకున్న మనిషి, ఆ తర్వాత ఒక్కొక్కటీ అమర్చుకున్నాడు. కానీ దీపం కిందే చీకటి. వచ్చిన ప్రతి క్యానూ మూత తీసి, వాసన చూసి, మంచివో పులిసినవో చెప్పేది భార్య భువనేశ్వరి ఒక్కతే. చెడ్డ క్యాను ఒకటి కలిస్తే ట్యాంకంతా పాడే. అందుకని పెళ్లైన నాటి నుంచి ఆమెను పుట్టింట్లో ఒక్క రాత్రి నిద్ర చేయనివ్వలేదు ఈశ్వర్.

అంతలో ఆమె ఫోను పట్టుకుని బయటికి వచ్చింది.

"మాయమ్మ రాత్రి బోకులు కడిగే కాడ జారి పడిందంట. తుంటి ఇరిగిందంట. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఇంకాసేపటికి ఆపరేషనంట. నేను పోతాండా."

"ఇప్పుడా? ఈ క్యాన్లు ఎవురు చూస్తారు? రేపు పోదువులే."

"లోపలికి తీసకపోకముందు నన్ను చూడాలంటాందంట."

"ఆడ మీ తమ్ముడున్నాడు గదా! బాషాన్న ముందర రచ్చ చేయొద్దు."

భువనేశ్వరి అతన్ని అలాగే చూసింది.

"దారికి బదులు దారి పెట్టినావు. ఆటోకు బదులు ఆటో పెట్టినావు. నాకు బదులు ఎవురిని పెట్టినావు? ఎవురికైనా నేర్పిస్తానని ఎన్నిసార్లు చెప్పినా! నేను సచ్చినా క్యాన్లు చూసే సావల్లనా?"

ఆమె ఏడుస్తూనే మొదటి క్యాను మూత తీసి వంగింది. మళ్లీ వంగింది.

"తెలీడం ల్యా. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసకపాయ."

రెండు దారులున్నాయి, రెండు ఆటోలున్నాయి, జనరేటరుంది. ఒక్క ముక్కు మూసుకుపోతే అన్నీ ఆగిపోయాయి. ఈశ్వర్ తానే వంగి చూశాడు. పాల వాసన వచ్చింది. మంచివో చెడ్డవో మాత్రం తెలియలేదు. బాషా ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

"బేరం యాడికీ పోదులే ఈశ్వరప్పా. ముందు ఆయమ్మను బండెక్కించు" అన్నాడు బాషా.

వాళ్లు జమ్మలమడుగు చేరేసరికి అత్త నాగేంద్రమ్మను స్ట్రెచర్ మీద తీసుకుపోతున్నారు. కూతురి చేయి పట్టుకుని, వెనక నిలబడ్డ అల్లుణ్ణి చూసిందామె.

"పొద్దున్నే నీ పని చెడగొట్టినా నాయనా. ఏమనుకోవద్దు. బిడ్డను చూసుకుంటి గదా, ఇంక పిల్సకపో."

ఆమె తిట్టి ఉంటే ఈశ్వర్ ఓర్చుకునేవాడు. ఆ మాటకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నువ్వు లేసి నడిసేదాకా భువన ఈడే ఉంటాది అత్తా."

"మరి పాలు?" అంది అత్త.

"ఈ పూటవి పోతే పోనీ." భార్య వైపు తిరిగాడు. "సాయంత్రం మంచి పాలొక సీసా, పులిసినవొక సీసా తెస్తా. నాకు నేర్పిస్తావా?"

భువనేశ్వరి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ముందు నువ్వు ఏడ్సేది ఆపు. ముక్కు మూసకపోతే ఏం నేర్సుకుంటావు?"

తన కళ్లు కారుతున్న సంగతి ఈశ్వర్‌కు అప్పుడే తెలిసింది.